ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కింద ఆయిల్ మరకలు: సీళ్ళు మార్చే ముందు చూడవలసినవి

మీరు చెప్పిన సంగతులను ముందు ఒకచోట పెడతాను. బండి పన్నెండేళ్ళ నాటి డీజిల్ పికప్. మాన్యువల్ గేర్లు, అవసరమైనప్పుడు మాత్రమే ముందు చక్రాలకు శక్తి అందించే పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, ముందువైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనుక లీఫ్ స్ప్రింగుల మీద గట్టి యాక్సిల్. జూలై చివరలో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వికారాబాద్ వైపు వెళ్ళి, అనంతగిరి కొండలు దాటాక ఒక వాగులోకి బండిని దించి, అవతలి ఒడ్డు చేరి, అదే దారిన తిరిగి వచ్చారు. వారం తరువాత ఉప్పల్‌లో మీ ఇంటి ముందు మూడు మరకలు కనిపించాయి: బండి నడిమి భాగాన ఒకటి, వెనుక యాక్సిల్ మధ్యన ఒకటి, వెనుక కుడి చక్రానికి లోపలివైపు ఒకటి. చూసిన మెకానిక్ సీళ్ళన్నీ (షాఫ్టుల చుట్టూ ఉండి ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయాలు) పోయాయని, అన్నీ దించి మార్చాలని చెప్పారు. అన్నీ మార్చడం అవసరమా, మారిస్తే మళ్ళీ కారకుండా ఉంటుందా అని మీరు అడిగారు.

అన్నీ మార్చవలసిన అవసరం బహుశా రాదు. అయితే మూడింటిలో ఒక మరక విషయంలో ఒక్క రోజు కూడా ఆగకూడదు కాబట్టి ముందు దాని గురించే రాస్తాను.

వెనుక కుడి చక్రం లోపలివైపు కారుతున్నది రెండింటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. ఒకటి యాక్సిల్ సీలు దాటి వచ్చిన గేర్ ఆయిల్, రెండవది చక్రంలో బ్రేకును నెట్టే వీల్ సిలిండర్ నుంచి వచ్చిన బ్రేక్ ఫ్లూయిడ్. ఈ రెండింటినీ ఇంట్లోనే వేరు చేయవచ్చు. మరక నుంచి ఒక చుక్కను వేలితో తీసి గ్లాసుడు నీళ్ళలో వేయండి. బ్రేక్ ఫ్లూయిడ్ నీళ్ళలో కలిసిపోతుంది, గేర్ ఆయిల్ కలవకుండా పైన తేలుతుంది. గేర్ ఆయిల్ చిక్కగా, జిగురుగా ఉండి గంధకం కంపు కొడుతుంది, ఆ వాసన ఒకసారి తెలిస్తే మరచిపోలేరు. బ్రేక్ ఫ్లూయిడ్ పలుచగా ఉంటుంది, పెయింటు మీద పడితే పెయింటును లేపేస్తుంది, పైగా బానెట్ కింద ఉన్న దాని డబ్బాలో మట్టం కూడా తగ్గి ఉంటుంది. ఏది అయినా సరే, చక్రం లోపలి బ్రేక్ డ్రమ్ము విప్పి లోపల చూసేదాకా బండిని రోడ్డు మీదికి తీయవద్దు. బ్రేక్ లైనర్లు (డ్రమ్మును ఒరుసుకొని చక్రాన్ని ఆపే పట్టీలు) ఆయిల్‌తో తడిస్తే ఆ చక్రం సరిగా పట్టదు, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది, వానలో తడిసిన ఫ్లైఓవర్ దిగేటప్పుడు ఆ లాగుడుతోనే ప్రమాదం జరుగుతుంది. తడిసిన లైనర్లను పెట్రోలుతో కడిగి, మంట మీద కాల్చి, గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించే పద్ధతి మన దగ్గర చాలా షెడ్లలో ఉంది. దయచేసి దానికి ఒప్పుకోవద్దు. లైనరు లోపలికి ఇంకిన ఆయిల్, బ్రేకు వేడెక్కిన ప్రతిసారీ పైకి వస్తూనే ఉంటుంది. తడిసింది ఒక పక్కే అయినా లైనర్లు రెండు పక్కలా కలిపి మార్చాలి.

అది గేర్ ఆయిలే అని తేలితే, సీలు పీకే ముందు చక్రాన్ని ఎత్తి, టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకొని లోపలికీ బయటికీ ఊపి చూడండి. ఆట (వదులు) ఉంటే అసలు రోగం బేరింగుది. బేరింగు అరిగి షాఫ్టు ఊగుతున్నచోట కొత్త సీలు వేసినా, దాని పెదవి (షాఫ్టుకు ఆనే లోపలి రబ్బరు అంచు) షాఫ్టును అంటిపెట్టుకొని ఉండలేదు, కొద్ది నెలల్లోనే మళ్ళీ కారుతుంది. మీ ఇంటి ముందు రోడ్డు వాలు కుడివైపుకు ఉంటే ఆ సంగతి కూడా గమనించండి. రాత్రంతా కుడి చక్రం పల్లంలో నిలిచినప్పుడు యాక్సిల్ గొట్టంలోని ఆయిల్ ఆ పక్కకే చేరుతుంది, కాబట్టి రెండు సీళ్ళూ ఒకే విధంగా అరిగినా మరక కుడివైపే కనిపిస్తుంది.

ఇప్పుడు మిగిలిన రెండు మరకలు. కింద పడిన చుక్క ఎక్కడ పడిందో చూసి, దానికి సరిగ్గా పైన ఉన్న సీలు పోయిందని అనుకోవడమే ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. బండి నడుస్తుంటే గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది, ఆగినప్పుడు అది హౌసింగు (గేర్లను కప్పి ఉంచే లోహపు పెట్టె) అంచుల వెంట కిందికి పాకుతుంది, చివరికి ఎక్కడ వీలైతే అక్కడ చుక్కగా రాలుతుంది. అందుకే తడి ఉన్నచోట్లలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఏది ఉందో వెతకాలి. ఇది కనిపించాలంటే అడుగుభాగం శుభ్రంగా ఉండాలి. డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో మడ్డి వదిలించి, సబ్బునీళ్ళతో కడిగి, ఆరనివ్వండి. వాటర్ సర్వీసింగ్‌లో కడిగిస్తే ప్రెషర్ నాజిల్‌ను సీళ్ళ మీదికీ, బ్రీదర్లనే గాలి మార్గాల మీదికీ నేరుగా పట్టవద్దని దగ్గర నిలబడి చెప్పండి. ఆరిన తరువాత అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడరు చల్లి, ఇరవై కిలోమీటర్లు నడిపి, వచ్చిన వెంటనే టార్చిలైటుతో చూడండి. పౌడరు మీద ఆయిల్ గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. రాత్రికి బండి కింద పెద్ద అట్టముక్క పరిచి, దాని మీద నాలుగు చక్రాల స్థానాలు పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటే చుక్కల లెక్క కూడా తెలుస్తుంది.

కొన్నిచోట్ల మీకు తడి కనిపిస్తుంది గానీ చుక్క కట్టదు, దాని మీద దుమ్ము అంటుకొని నల్లటి పొరగా ఉంటుంది. దాన్ని చెమర్చడం అంటాం. పన్నెండేళ్ళ బండికి ఆ మాత్రం చెమర్చడం రోగం కాదు, మట్టం చూసుకుంటూ ఉంటే చాలు. చుక్క కట్టి రాలేది మాత్రమే మరమ్మతు చేయవలసినది. మీరు మొత్తం మార్చవద్దని నేను చెప్పడానికి ఈ తేడా ఒక కారణం. ఇక ఏసీ నుంచి కారే శుభ్రమైన నీళ్ళను మరకల లెక్కలోంచి ముందే తీసేయండి.

అసలు కారణం గురించి నాకున్న బలమైన అనుమానం వేరే ఉంది. మూడు మరకలూ ఒకే ప్రయాణం తరువాత వచ్చాయన్నారు. వేర్వేరు చోట్ల, వేర్వేరు ఒత్తిడికి లోనయ్యే సీళ్ళు ఒకే వారంలో కలిసి అరిగిపోవు. వాటన్నిటినీ ఒకేసారి దెబ్బతీసేది లోపలి పీడనం. వెనుక డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్య ఉండి రెండు చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె), గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనుక యాక్సిళ్ళకు పంచే పెట్టె), ముందు డిఫరెన్షియల్, ఈ నాలుగింటికీ గాలి రావడానికి, పోవడానికి బ్రీదర్ అనే చిన్న మార్గం ఉంటుంది. అది కొన్ని బండ్లలో హౌసింగు మీదే బిగించిన చిన్న టోపీలాగా ఉంటుంది, కొన్నిటిలో రబ్బరు గొట్టంగా ఛాసిస్ మీదికి వెళుతుంది. అది మూసుకుపోయిందనుకోండి. ఉదయం 30 డిగ్రీల దగ్గర ఉన్న హౌసింగు రింగ్ రోడ్డు మీద గంటసేపు వేగంగా నడిచి 90 డిగ్రీలకు చేరితే లోపలి గాలి పీడనం దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. బయటికి పోయే దారి లేక అది సీలు పెదవి కింద నుంచి ఆయిల్‌ను వెంటబెట్టుకొని వెళుతుంది. ఆ వేడి మీదే బండిని చల్లటి వాగునీళ్ళలోకి దించితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, బ్రీదర్ మూసుకుపోయి ఉంటే సీళ్ళ దగ్గర నుంచీ, తెరిచి ఉండి నీటి మట్టం కన్నా కింద ఉంటే దాని నుంచే నీళ్ళను లోపలికి పీలుస్తుంది. మీ ప్రయాణంలో ఈ వేడెక్కడం, చల్లబడడం రెండూ ఒకదాని వెంట ఒకటి జరిగాయి.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. చాలా ఏళ్ళ క్రితం నా దగ్గర ఉన్న పికప్‌కు వెనుక పినియన్ సీలు (డిఫరెన్షియల్‌లోకి షాఫ్టు వెళ్ళేచోట ఉండే సీలు) రెండు నెలల్లో మూడుసార్లు వేయించవలసి వచ్చింది. ప్రతిసారీ మంచి సీలే, పని చేసినవారూ చేయి తిరిగినవారే. మూడోసారి కారినప్పుడు నేనే కిందికి దూరి, యాక్సిల్ గొట్టం మీద వేలితో తడుముతూ వెళితే బ్రీదర్ టోపీ చేతికి కదలలేదు. అంతకు ముందు ఏడాది తుప్పు పట్టకుండా అడుగుభాగానికి నల్లటి పూత కొట్టించాను. ఆ పూత టోపీని కూడా కప్పేసి గట్టిపడింది. దాన్ని విప్పగానే లోపలి గాలి బుస్సుమని వచ్చింది. టోపీ మార్చి, నాలుగోసారి సీలు వేశాక, బండి నా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆ చోట చుక్క రాలలేదు. అప్పటి నుంచి ఎవరి బండి కింద ఆయిల్ కారుతోందన్నా నేను మొదట చూసేది బ్రీదర్‌నే. మీరు కూడా నాలుగు బ్రీదర్లనూ విప్పించి, పెట్రోలుతో కడిగి, నోటితో ఊదితే గాలి పోతుందో లేదో చూడండి. వర్షాకాలంలో వాగులు దాటే అలవాటు కొనసాగిస్తారనుకుంటే, నాలుగింటికీ ఆయిల్‌కు తట్టుకొనే రబ్బరు గొట్టాలు వేయించి, వాటి కొసలను ఇంజిన్ గది పైభాగం దాకా తీసుకువెళ్ళండి. ఒక పూట పని, ఖర్చు కూడా తక్కువే.

వాగు దాటారు కాబట్టి ఆయిల్ మట్టం చూడడంతో సరిపెట్టుకోకుండా ఆయిల్‌నే చూడాలి. డిఫరెన్షియల్‌లో నీళ్ళు చేరితే ఆయిల్ పాలు పోసిన టీ రంగులోకి మారుతుంది. కింద ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు విప్పే ముందు, పైన ఆయిల్ పోసే ఫిల్లర్ బోల్టు విప్పగలుగుతున్నారో లేదో తప్పనిసరిగా చూసుకోండి. ఉన్న ఆయిల్ అంతా కింద వదిలేసి, తరువాత ఫిల్లర్ బోల్టు తుప్పుపట్టి రాకపోతే బండి ఉన్నచోటే ఉండిపోతుంది. డ్రెయిన్ బోల్టుకు ఉన్న అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు ముద్ద ఉండడం సహజం, గోటికి తగిలే పెచ్చులు ఉంటే లోపల పళ్ళో, బేరింగో విరుగుతున్నట్టు. ఆయిల్ తెల్లబడి ఉంటే దాన్ని దించి, తక్కువ ధరది కానీ అదే రకం ఆయిల్ పోసి, కొద్ది కిలోమీటర్లు నడిపి, దాన్నీ దించేసి, అప్పుడు అసలు ఆయిల్ పోయాలి. ఒకసారి మారిస్తే నీళ్ళు పూర్తిగా పోవు. పోసేటప్పుడు బండి సమతలంగా నిలబడి ఉండాలి, మట్టం ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకా రావాలి, అంతకు మించకూడదు. ఒక పక్క జాకీ మీద ఎత్తి ఆయిల్ పోస్తే మట్టం తప్పుతుంది. ఎక్కువైన ఆయిల్ లోపల నురగ కట్టి, వేడెక్కి, బ్రీదర్ నుంచో సీళ్ళ నుంచో బయటికి వచ్చి, మళ్ళీ లీకేజీ అనిపించుకుంటుంది.

ఏ ఆయిల్ పోయాలన్నది బండి పుస్తకంలో ఉన్నట్టే చేయండి, దుకాణంలో "90 నంబరు ఇవ్వండి" అని అడిగి తెచ్చుకోవద్దు. ఆ అంకె చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి కాబట్టి వాటికి జీఎల్-5 తరగతి ఆయిల్ కావాలి. చాలా మాన్యువల్ గేర్‌బాక్సులకు జీఎల్-4 చెబుతారు, ఎందుకంటే జీఎల్-5లో ఎక్కువ మోతాదులో ఉండే గంధక రసాయనాలు గేర్‌బాక్సులోని ఇత్తడి రింగులను తినే అవకాశం ఉంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో కొన్ని బండ్లకు గేర్ ఆయిల్, మరికొన్నిటికి ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్) వాడతారు.

బండి నడిమి మరక సంగతి ఇక్కడికి వచ్చి చేరుతుంది. అది గేర్‌బాక్సుదా, ట్రాన్స్‌ఫర్ కేస్‌దా, ఇంజిన్‌దా అన్నది ముందు తేలాలి. గేర్‌బాక్సు ముందున్న గంట ఆకారపు హౌసింగు అడుగు నుంచి చుక్క పడుతూ, నల్లగా పలుచగా ఉంటే అది ఇంజిన్ వెనుక సీలు నుంచి వస్తోంది. తేనె రంగులో కంపు కొడుతూ ఉంటే గేర్‌బాక్సు ముందు సీలు నుంచి వస్తోంది. ఈ రెండింటికీ గేర్‌బాక్సు దించక తప్పదు, కాబట్టి క్లచ్ ప్లేటు కూడా అరిగే దశలో ఉంటే రెండు పనులూ ఒకేసారి చేయించుకోవచ్చు. అలా కాక తడి ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర మొదలైతే, గేర్‌బాక్సు మట్టాన్నీ ట్రాన్స్‌ఫర్ కేస్ మట్టాన్నీ ఒకే రోజు కొలిపించండి. ఒకదానిలో తగ్గి, రెండవదానిలో ఫిల్లర్ బోల్టు విప్పగానే ఆయిల్ పొంగి వస్తే, ఆ రెండింటి మధ్య ఉన్న లోపలి సీలు పోయిందని అర్థం. దీన్ని చాలామంది గుర్తించరు. బయటి సీలు ఎన్నిసార్లు మార్చినా, నిండిపోయిన ట్రాన్స్‌ఫర్ కేస్ తనలోని ఎక్కువ ఆయిల్‌ను బయటికి నెడుతూనే ఉంటుంది, అటు గేర్‌బాక్సు ఆయిల్ లేక పాడవుతుంది. రెండు మట్టాలూ సరిగా ఉండి, వెనుక షాఫ్టు బయటికి వచ్చేచోట మాత్రమే కారుతుంటే, సీలుతో పాటు వెనుక యాక్సిల్‌కు వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టును కూడా చేత్తో పైకీ కిందికీ ఊపి చూడండి. అరిగిన క్రాసు (షాఫ్టు కీలు), అరిగిన బుష్షు షాఫ్టును ఊపుతూ కొత్త సీలును కూడా కోసేస్తాయి.

వెనుక యాక్సిల్ మధ్య మరక పినియన్ సీలుదే అయితే, అందులో అందరూ జాగ్రత్తగా చేయని ఒక పని ఉంది. సీలు తీయాలంటే పినియన్ నట్టు విప్పాలి. చాలా యాక్సిళ్ళలో ఆ నట్టు బిగువు మీదే రెండు పినియన్ బేరింగుల బిగువు ఆధారపడి ఉంటుంది, ఎందుకంటే వాటి మధ్య ఉన్న పలుచని స్లీవు నట్టు బిగించిన కొద్దీ నలిగి కావలసిన కొలతకు వస్తుంది. ఎయిర్ గన్నుతో నట్టును తిరిగినంతా బిగిస్తే స్లీవు మరింత నలుగుతుంది, బేరింగులు బిగుసుకొని వేడెక్కుతాయి, కొంతకాలానికి క్రౌన్, పినియన్ గేర్లు రెండూ పోతాయి. మొదట కొన్ని వందల రూపాయల సీలు కోసం మొదలైన పని అది. కాబట్టి నట్టు, పినియన్ కొస, ఫ్లాంజి (షాఫ్టును బిగించే పళ్ళెం), షాఫ్టు, ఈ నాలుగింటి మీదా సెంటర్ పంచితో గుర్తులు పెట్టించి, విప్పే ముందే పినియన్ ఎంత బిగువుగా తిరుగుతోందో కొలిపించి, బిగించేటప్పుడు మళ్ళీ అదే చోటికి, అదే బిగువుకు తెప్పించాలి. గుర్తు దాటి బిగిస్తే నట్టును వెనక్కి తిప్పినంత మాత్రాన పని సరికాదు, కొత్త స్లీవు వేయాలి. స్లీవుకు బదులు గట్టి స్పేసరూ, షిమ్ములూ (పలుచని రేకులు) ఉన్న యాక్సిల్ అయితే కంపెనీ పుస్తకంలోని టార్క్ ప్రకారం బిగిస్తారు. మీది ఏ రకమో పని మొదలుపెట్టే ముందే తెలుసుకోండి.

ఫ్లాంజి బయటికి వచ్చాక, సీలు పెదవి ఆనే చోట గోరు పెట్టి చూడండి. గోటికి గాడి తగిలితే కొత్త సీలు ఆ గాడిలోనే కూర్చొని మళ్ళీ కారుతుంది. ఆ చోట పలుచని స్టీలు స్లీవు తొడిగిస్తే సరిపోతుంది, దొరకకపోతే బాలానగర్‌లోని లేత్ పనివారి చేత ఆ భాగాన్ని సరి చేయించవచ్చు. గాడి లోతుగా ఉంటే ఫ్లాంజి మార్చడమే మంచిది.

సీళ్ళు కంపెనీ దుకాణంలో దొరకకపోతే రాణిగంజ్‌లో బేరింగులు, సీళ్ళు అమ్మే దుకాణాలకు పాత సీలును తీసుకువెళ్ళండి. దాని మీద మూడు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 45-72-10 అని ఉంటే 45 మిల్లీమీటర్ల షాఫ్టు, 72 మిల్లీమీటర్ల రంధ్రం, 10 మిల్లీమీటర్ల మందం అని అర్థం. అంకెలు కలిసినంత మాత్రాన తీసుకోకుండా, పెదవులు ఒకటా రెండా, దుమ్ము ఆపే బయటి పెదవి ఉందా, లోపల మెరకగీతలు ఏ దిశలో ఉన్నాయి అన్నవి కూడా పోల్చి చూడండి, ఎందుకంటే ఆ గీతలు షాఫ్టు తిరిగే దిశను బట్టి ఆయిల్‌ను లోపలికి నెడతాయి, తిరగబడితే బయటికి నెడతాయి. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల వరకు బాగా పనిచేస్తుంది. ఎక్కువ వేడి తగిలే చోటికి 200 డిగ్రీల దాకా తట్టుకొనే గోధుమరంగు వైటాన్ సీలు దొరికితే ఎక్కువ ధర ఇచ్చి అయినా తీసుకోండి. బిగించేటప్పుడు చిన్న స్ప్రింగు ఉన్న పక్క ఆయిల్ వైపుకు ఉండాలి, పెదవికి ఆయిల్ రాయాలి, సీలు అంచుకు సరిపడే గొట్టం పెట్టి నాలుగు వైపులా సమంగా దిగేటట్టు కొట్టాలి. స్క్రూడ్రైవరు మొనతో ఒక పక్క నుంచి కొట్టిన సీలు వంకరగా కూర్చొని మొదటి రోజు నుంచే కారుతుంది.

బయట నుంచి ఎం-సీల్ అనే గట్టిపడే ముద్ద పూయడం, ఆయిల్‌లో లీకు ఆపే మందు కలపడం, ఈ రెండూ మీకు ఎవరైనా సలహా ఇస్తారు. ఆయిల్ తడి ఉన్న ఇనుముకు ఏ పూతా అంటుకోదు. ఆ మందు రబ్బరును ఉబ్బించి కొద్దికాలం ఆపుతుంది, తరువాత అదే రబ్బరు మెత్తబడి పాడవుతుంది, మంచి సీళ్ళు కూడా దానితో పాటే పోతాయి. కవర్ల అతుకుల దగ్గర సిలికాన్ వాడవచ్చు గానీ, రెండు ముఖాలనూ పూర్తిగా గీకి, ఆయిల్ తడి లేకుండా తుడిచి, సన్నటి గీతగా మాత్రమే వేసి, ట్యూబు మీద రాసినంత సమయం ఆరనివ్వాలి. లావుగా వేస్తే లోపలికి పొంగిన ముక్కలు ఊడి, పంపు ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసుల్లో జాలీని మూసేస్తాయి.

ముందు వైపు మీకు మరక లేదు కాబట్టి అక్కడ ఏదీ విప్పించవద్దు. చక్రాల దగ్గర సీవీ జాయింటు రబ్బరు తొడుగులు చిరిగి గ్రీజు చిమ్ముతోందేమో మాత్రం చూడండి. నెలకు ఒకసారి మట్టిదారి మీద కొద్ది కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో నడిపితే ముందు డిఫరెన్షియల్‌లో ఆయిల్ అంతటా చేరి సీళ్ళ పెదవులు ఎండిపోకుండా ఉంటాయి. పొడి తారురోడ్డు మీద మాత్రం ఆ పని చేయకూడదు, మలుపుల్లో ముందు వెనుక షాఫ్టులు వేర్వేరు వేగాలతో తిరగవలసి రావడంతో మొత్తం వ్యవస్థ మెలిపడుతుంది.

ఇందులో కొంత పని మీరే చేస్తానన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మీ బండికి హ్యాండ్‌బ్రేకు వెనుక చక్రాలకే ఉంటుంది. వెనుక చక్రాలు రెండూ నేల విడిచాక అది బండిని ఆపదు, ప్రొపెల్లర్ షాఫ్టు విప్పాక వెనుక చక్రాలను గేరు కూడా ఆపదు. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టి, యాక్సిల్ కింద గట్టి స్టాండ్లు నిలిపి, ఆ తరువాతే కిందికి వెళ్ళండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి, ఇటుకలు పేర్చి ఎప్పుడూ వెళ్ళవద్దు.

మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ఈ వరుసలో అడగండి: మొదట వెనుక కుడి డ్రమ్ము విప్పి బ్రేకు పని, దానితో పాటే నాలుగు బ్రీదర్లు, తరువాత నాలుగు చోట్లా ఆయిల్ రంగూ మట్టమూ, ఆ పైన కడిగి పౌడరు చల్లి నడిపి చూడడం. బ్రీదర్ మూసుకుపోయి ఉండి, తెరిచాక రెండు వారాల్లో నడిమి మరక, వెనుక మధ్య మరక తగ్గిపోతే ఆ సీళ్ళను ఇప్పుడే ముట్టుకోవద్దు. తగ్గకపోతే పౌడరు చూపించిన సీలును మాత్రమే మార్పించి, 500 కిలోమీటర్ల తరువాత మట్టం మళ్ళీ చూడండి. దించిన పాత ఆయిల్‌ను డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ కొనేవారికి ఇచ్చే వర్క్‌షాపులో అప్పగించండి, ఉప్పల్ కాలువల్లో పోసింది మూసీలోకే చేరుతుంది. డ్రమ్ము విప్పాక లోపల ఏం కనిపించిందో, అయస్కాంతం మీద ఏమి ఉందో ఫోటోలు తీసి పంపితే తరువాతి సంగతి చెబుతాను.